పట్టాలు తప్పిన బండి : రైలు ప్రమాదవార్తల భాషలో ‘తప్పు’ ధాతువు

2023 జూన్ 2వ తేదీ సాయంకాలము ఏడు గంటల ప్రాంతమున ఒడిశా రాష్ట్రమందలి బాలేశ్వర్ జిల్లాలో, బహానగా బజార్ అను చిన్న స్టేషనువద్ద, మన కాలపు మహావిపత్తులలో ఒకటి సంభవించెను. చెన్నైకి పోవుచున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రధానమార్గమున సాగిపోవలసియుండగా లూపులైనులోనికి మళ్ళి, అచ్చట ఇనుపఖనిజముతో నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొనెను. దాని పెట్టెలు చెదరి పక్కమార్గముపై పడెను. ఆ మార్గమున ఎదురుగా పోవుచున్న బెంగుళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలు కూడ ఆ తాకిడికి పడిపోయెను. మృతుల సంఖ్య చివరకు 290 దాటినది. ఈ రెండు బండ్లును ఆంధ్రదేశపు తీరము వెంబడి పోవునట్టివే గనుక ఆ రాత్రి శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు నిద్రలేని ఇండ్లు అనేకము.

ఈ వ్యాసము ఆ దుర్ఘటన యొక్క సాంకేతికచరిత్ర కాదు. అట్టి విపత్తు జరిగినప్పుడు ప్రజలును పత్రికలును ఏ మాటలతో స్పందింతురు, ఆ మాటలు మన ఆలోచనను ఏ దారికి మళ్ళించును అనునదియే ఇచ్చటి విచారణ. ఇందుకు ఒకే ధాతువును ఆధారముగా తీసికొనుచున్నాను. అది ‘తప్పు’.

1. ఒక తరగతిగది ప్రశ్న

స్వరాష్ట్రమునకు దూరముగా తెలుగు బోధించువానికి ఒక లాభము కలదు. తరగతిలో తెలుగు మాతృభాష కాని విద్యార్థులును ఉందురు గనుక మనకు అతిపరిచితములైన మాటలు సైతము ప్రశ్నకు గురియగును. పై ప్రమాదము జరిగిన కొన్ని వారములకు తెలుగు పత్రికను చదివించుచుండగా ఒక విద్యార్థి “బండి పట్టాలు తప్పింది అన్నప్పుడు తప్పు బండిదేనా?” అని అడిగెను. మొదట నవ్వు వచ్చినది. తరువాత ఆ ప్రశ్న నవ్వుదగినది కాదని తోచినది.

ఒక్కొక్క భాష ఈ సంఘటనను ఒక్కొక్క రీతిని చూచినది. హిందీలో బండి ‘పట్రీ సే ఉతర్ గయీ’, అనగా పట్టామీదనుండి దిగినది. మరాఠీలో ‘రుళావరూన్ ఘసరలీ’, పట్టాలమీదనుండి జారినది. తమిళములో ‘తడం పురండదు’, దారి మీదనుండి పొరలినది. బంగాళీ, ఒడియాలలో ‘లైన్‌చ్యుత’, మార్గమునుండి చ్యుతమైనది. ఇవి అన్నియు చలనమును వర్ణించు మాటలు: దిగుట, జారుట, పొరలుట, పడుట. కన్నడము మాత్రము ‘హళి తప్పితు’ అని తెలుగుతో కలియును. మలయాళములో ‘పాళం తెట్టి’ అందురు. అచ్చటి ‘తెట్టు’ ధాతువు వేరైనను దాని స్వభావము మన ‘తప్పు’ వంటిదే. క్రియగా అది గురిని విడుచుట, నామముగా దోషము.

కావున తెలుగు, కన్నడ, మలయాళములలో బండి పడిపోయిన సంగతిని చెప్పు మాటలోనే దోషశబ్దము పొంచియున్నది. దోషము ఎవరిదో చెప్పకయే దోషమను ధ్వనిని అది కలిగించును. ఈ విశేషమే మన పరిశీలనకు మూలము.

2. ధాతువు పరిధి

బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తినిఘంటువు తమిళ, కన్నడ, తెలుగు భాషలలోని ‘తప్పు’ను ఒక్కచోట చేర్చినది. గురి తప్పుట, దారి తప్పుట, తాళము తప్పుట, మాట తప్పుట, స్పృహ తప్పుట అను ప్రయోగములలో ఉండవలసిన చోటునుండి తొలగుటయే ప్రధానార్థము. నామముగా ‘తప్పు’ దోషమైనది. ‘తప్పిపోవు’ అనగా జాడ తెలియకపోవుట. ‘తప్పించు’ నివారించుట. ‘తప్పించుకొను’ ఆపదనుండియో బాధ్యతనుండియో బయటపడుట. ‘తప్పుకొను’ తనంత తానుగా పక్కకు తొలగుట. వ్యతిరేకార్థమున ‘తప్పదు’ అన్నచో అది అనివార్యము.

ఒక రైలు ప్రమాదమును గూర్చిన వారము దినముల పత్రికలను వరుసగా చదివినచో ఈ రూపములన్నియు దాదాపు ఇదే క్రమమున ఎదురగును. బండి పట్టాలు తప్పును. కొందరు మృత్యువును తప్పించుకొందురు. కొందరు తప్పిపోవుదురు. తప్పుడు ప్రచారము బయలుదేరును. తప్పు ఎవరిదను ప్రశ్న లేచును. మంత్రి తప్పుకొనవలెనని కొందరు కోరుదురు. చివరకు ఇంత పెద్ద దేశములో ఇట్టివి తప్పవని ఎవరో ఒకరు అందురు. ఆ మాటతో చర్చ ముగియును. మనము ఒక్కొక్క దశను చూతము.

3. తప్పిపోయినవారు

తొలిదశ సంఖ్యలది. బహానగా విషయములో జూన్ 3న 288 మంది మరణించిరని ప్రకటింపబడెను. మరునాడు కొన్ని మృతదేహములు రెండుమారులు లెక్కకు వచ్చినవని చెప్పి ఆ సంఖ్యను 275కు తగ్గించిరి. రెండు దినములలోనే అది మరల 288 అయినది. తరువాత ఆసుపత్రులలో మరికొందరు చనిపోగా ఇంకను పెరిగినది. లెక్క తప్పుట ఇట్టి సమయములలో సహజమే. కాని ప్రతిమార్పును శీర్షికయగుటచే మరణించినవారు అంకెగా స్థిరపడిరి. వారి పేళ్ళు వెనుకబడెను.

పేళ్ళు వెనుకబడుటకు మరియొక కారణము కలదు. రిజర్వేషను పెట్టెలలోని ప్రయాణికుల పట్టిక రైల్వేవారివద్ద ఉండును. జనరల్ పెట్టెలలో ఎక్కినవారి పేళ్ళు ఎచ్చటను ఉండవు. కోరమాండల్ వంటి బండిలో ఆ పెట్టెలయందు ప్రయాణించువారు ఎక్కువగా బంగాళము, బీహారు, ఒడిశాలనుండి దక్షిణాదికి కూలిపనులకు పోవువారు. కావున పట్టికలో పేరున్నవాని క్షేమసమాచారము వేగముగా తెలిసినది. పేరు లేనివానికొరకు బంధువులు మృతదేహముల ఛాయాచిత్రములను వరుసగా చూడవలసివచ్చినది. ఒకే దేహమును ఇరువురు తమవాడని చెప్పిన సందర్భములు కూడ ఉండుటచే డి.ఎన్.ఏ. పరీక్షలు జరిపిరి. నాలుగు నెలలు గడచినను ఎవరును తీసికొని పోని 28 దేహములకు భువనేశ్వరమున 2023 అక్టోబరులో నగరపాలకసంస్థ అంత్యక్రియలు జరిపించెను.

ఇట్టివారిని మన పత్రికలు ‘తప్పిపోయినవారు’ అని వ్రాయుట కలదు. ఈ మాటలో కర్త తప్పిపోయినవాడే. జాతరలో చేయి విడిచిన పిల్లవానివలె వాడే దారి తప్పెనన్న భావము అందులో ఉన్నది. నిజమునకు వాడు ఎచ్చటికిని పోలేదు; టిక్కెట్టు కొని, తన పెట్టెలోనే ఉన్నాడు. వాని పేరును వ్రాసికొనని వ్యవస్థయే వానిని పోగొట్టుకొన్నది. ‘గుర్తింపబడనివారు’ అన్నచో కనీసము గుర్తింపవలసిన కర్తవ్యము ఇతరులదని స్ఫురించును. ఇది చిన్న మార్పు. కాని కొడుకు కొరకు వచ్చిన తండ్రికి ఈ రెండు మాటలును ఒకటి కావు.

ఈ దశలోనే ప్రజాస్పందనయందలి ఉత్తమాంశమును చెప్పవలెను. అధికారబలగములు చేరకమునుపే పరిసరగ్రామస్థులు చీకటిలో పెట్టెలనుండి మనుష్యులను బయటికి తీసిరి. ఆ రాత్రియే బాలేశ్వర్, భద్రక్, కటక్ ఆసుపత్రులవద్ద రక్తదానమునకు జనము బారులు తీరిరి. బహానగా ఉన్నత పాఠశాల మృతదేహములను ఉంచు చోటైనది. తరువాత పిల్లలు ఆ గదులలో అడుగుపెట్టుటకు భయపడగా ఆ భాగమును పడగొట్టిరి. ఒక ప్రమాదము పట్టాలమీద ముగియదనుటకు ఆ పాఠశాల చాలిన నిదర్శనము.

4. తప్పుడు ప్రచారము

రెండుదినములైన గడవకముందే మరియొక స్పందన బయలుదేరినది. ప్రమాదస్థలమును పైనుండి తీసిన ఛాయాచిత్రములో పట్టాలకు సమీపమున ఒక తెల్లని కట్టడము కనిపించినది. దానికి బాణపుగుర్తు పెట్టి, అది మసీదనియు, ఆ దినము శుక్రవారమనియు సూచించుచు చిత్రమును చేతిఫోనులలో పంచిరి. నిజమునకు అది ఇస్కాన్‌వారి దేవాలయము. అట్లే స్టేషను మాష్టరు ఒక మతమువాడనియు, పరారియైనాడనియు కల్పించిరి. అదియును అబద్ధమే. జూన్ 4న ఒడిశా పోలీసులు మతవిద్వేషమును రేపు వదంతులపై చర్య తీసికొందుమని బహిరంగముగా హెచ్చరింపవలసివచ్చినది.

వదంతికి కారణము కేవలము దుష్టబుద్ధియే అన్నచో విచారణ పూర్తికాదు. ‘పట్టాలు తప్పింది’ అను వాక్యములో కర్తస్థానమున బండి ఉన్నది, మనిషి లేడు. కాని ‘తప్పు’ అను మాట మనిషిని కోరును. ఆ ఖాళీని విచారణ నింపుటకు నెలలు పట్టును. వదంతి ఒక్క ఘడియలో నింపును. బహానగాలో ఆ ఖాళీలోనికి ఒక మతము వారిని నెట్టిరి. వదంతిని ఖండించిన పత్రికలును అనేకము కలవు. అయితే ఖండన ఎన్నడును ఆ చిత్రమంత వేగముగా పోలేదు.

5. తప్పు ఎవరిది?

విచారణ చెప్పినదేమి? కోరమాండల్ బండికి ప్రధానమార్గమునకు ఆకుపచ్చ సంకేతము ఇయ్యబడినది. పాయింటు మాత్రము లూపులైనుకు అమర్చబడియున్నది. బండి అనుమతించిన వేగమును మించలేదనియు, డ్రైవరు ఎఱ్ఱసంకేతమును దాటలేదనియు రైల్వే బోర్డు అధికారులే రెండుదినములలో తెలిపిరి. రైల్వే భద్రతా కమిషనరు నివేదిక ప్రకారము కారణములు రెండు. పూర్వము సిగ్నలు తీగల సర్కిట్టులో చేసిన మార్పునందలి లోపము ఒకటి. 94వ నెంబరు లెవెల్‌క్రాసింగు గేటువద్ద విద్యుత్తుతో లేచు అడ్డుకమ్మిని మార్చు పనిలో జరిగిన లోపము మరియొకటి. 2023 జూలైలో ముగ్గురు రైల్వే ఉద్యోగులను సి.బి.ఐ. అరెస్టు చేసెను.

ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. ఆ బండి తనంత తాను పట్టాలు విడువలేదు. పాయింటు ఎటు చూపినదో అటే పోయినది. బండి తప్పలేదు, దారిని తప్పుగా వేసిరి. నా విద్యార్థి ప్రశ్నకు సరియైన సమాధానమిదియే. కాని ఈ వాక్యమును వ్రాయుటకు ‘వేసిరి’ అను క్రియకు కర్తను వెదుకవలెను. వెదుకుట కష్టము గనుక ‘తప్పింది’ అను సకలసందర్భోపయోగియైన అకర్మకక్రియ మనకు హాయినిచ్చుచున్నది.

ఈ హాయి ఒక అంచు. రెండవ అంచు ‘మానవ తప్పిదము’ అను సమాసము. ఇందలి మానవుడు దాదాపు ఎల్లప్పుడును అట్టడుగు మెట్టుమీది మానవుడే: డ్రైవరు, పాయింట్‌మాన్, సిగ్నలు మెకానిక్కు. 2023 అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లివద్ద విశాఖపట్నము–పలాస పాసింజరును వెనుకనుండి రాయగడ పాసింజరు ఢీకొని 14 మంది మరణించినప్పుడు ‘మానవ తప్పిదము’ అను మాట ఆ రాత్రియే వచ్చినది. వెనుకబండి డ్రైవరు ఆ ప్రమాదములోనే చనిపోయెను. 2024 మార్చిలో డ్రైవరును, సహాయకుడును ఫోనులో క్రికెట్టు చూచుచుండిరని రైల్వేమంత్రి చెప్పగా ఆ వార్త దేశమంతట శీర్షికయైనది. భద్రతా కమిషనరు విచారణ ఆ మాటను బలపరచలేదని కొన్ని నెలలకు పత్రికలలో వచ్చినది. కాని తొలివార్త చదివినవారిలో మలివార్తను ఎందరు చదివిరి? మృతుడు తనపై వచ్చిన మాటకు బదులు చెప్పలేడు. చనిపోయినవానిపై మోపిన నింద వాని ఇంటివారికి ఆస్తివలె సంక్రమించును.

సంకేతములను నడపువాడు మానవుడే. వానికి విశ్రాంతికాలము నిర్ణయించువాడును మానవుడే. పాడైన సంకేతములను బాగుచేయుట వాయిదావేయువాడును మానవుడే. బహానగాకు నాలుగునెలల ముందు, 2023 ఫిబ్రవరిలో, కర్ణాటకలోని హొసదుర్గ రోడ్ స్టేషనువద్ద ఇంటర్‌లాకింగు లోపమువలన బండి తప్పుమార్గమునకు పోవలసిన పరిస్థితి ఏర్పడగా డ్రైవరు గుర్తించి ఆపెను. ఆ వ్యవస్థలోని లోపములను సరిదిద్దవలెనని ఒక ఉన్నతాధికారి లేఖ వ్రాసిరి. ఆ లేఖ జూన్ విపత్తు తరువాతనే పత్రికలకు వార్తయైనది. తప్పిన ప్రమాదము వార్త కాదు. తప్పించిన డ్రైవరు పేరు ఎవ్వరికిని తెలియదు. ‘మానవ తప్పిదము’ అని వ్రాయు కలము ఎన్నడైన ‘మానవ జాగరూకత’ అని వ్రాసినదా?

దీనికి సరిగా ఎదురైన ఉదాహరణము కేరళమున కలదు. 1988 జూలై 8న కొల్లము సమీపమున పెరుమణ్ వంతెనమీదనుండి ఐలండ్ ఎక్స్‌ప్రెస్ అష్టముడి కాయలులో పడి నూరుమందికి పైగా చనిపోయిరి. సుడిగాలియే కారణమని రైల్వే విచారణ తేల్చినది. కేరళప్రజలు దానిని నమ్మలేదు. నేటికిని ఆ సుడిగాలి అచ్చట పరిహాసవిషయమే. తప్పు మనిషిదని చెప్పుటకు కొన్నిచోట్ల ఎంత త్వరపడుదురో, మనిషిది కాదని చెప్పుటకు మరికొన్నిచోట్ల అంత త్వరపడుదురు. రెండుచోట్లను లోపించినది ఒకటే: ప్రజలకు నమ్మదగిన రీతిని, వారు చదువదగిన భాషలో వెలువడు నివేదిక.

6. తప్పుకొనుట, తప్పించుకొనుట

బహానగా తరువాత ప్రతిపక్షములు మంత్రి రాజీనామాను కోరినవి. ఆ సందర్భమున అన్ని భాషల పత్రికలును 1956ను స్మరించినవి. ఆ స్మరణలో తెలుగువారికి ప్రత్యేకమైన భాగము కలదు. 1956 సెప్టెంబరులో నాటి హైదరాబాదు రాష్ట్రమందలి మహబూబ్‌నగర్ సమీపమున వంతెన కూలి బండి పడిపోగా నూరుమందికి పైగా మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇయ్యగా ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. నవంబరు 23న తమిళదేశమున అరియలూరువద్ద వరదలకు వంతెన దెబ్బతిని మరల అట్టి ఘోరమే జరిగెను. శాస్త్రి మరల రాజీనామా ఇచ్చిరి. ఈ మారు నెహ్రూ అంగీకరించిరి. దోషము శాస్త్రిది కాదనియు, రాజ్యాంగమర్యాదను పాటించుటకే అంగీకరించుచున్నాననియు వారి వివరణము. ఈ రెండు ప్రమాదముల నడుమనే, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించినది. 1999 ఆగస్టులో గైసాల్ ప్రమాదము తరువాత నితీశ్ కుమార్ కూడ రైల్వేమంత్రి పదవిని విడిచిరి.

మన వ్యాకరణము ఇచ్చట ఒక సూక్ష్మమును చూపుచున్నది. ‘తప్పుకొను’, ‘తప్పించుకొను’ అను రెండింటికిని భేదము ప్రేరణార్థకమైన ‘ఇంచు’ ఒక్కటియే. తప్పు తనది కాకున్నను బాధ్యత తనదనువాడు తప్పుకొనును. తప్పు ఎవరిదో అని వేలుచూపువాడు తప్పించుకొనును. అయితే పదవి విడుచుటయే తప్పించుకొనుట కావచ్చునను వాదమును త్రోసివేయదగినది కాదు. మంత్రి మారినంతమాత్రమున సిగ్నలు తీగలు సరికావు. 1956నాటి రాజీనామా గొప్పదనము నిష్క్రమణలో లేదు. అట్టడుగు ఉద్యోగి వెనుక దాగకపోవుటలో ఉన్నది. పత్రికలు స్మరించునది మొదటిది, స్మరింపవలసినది రెండవది.

7. తప్పనిదియా, తప్పించదగినదియా?

ఇక చివరిరూపము. ‘ప్రమాదములు తప్పవు’ అను మాట ఓదార్పుగా పుట్టి తీర్పుగా మారును. తప్పనిదైనచో అందు తప్పు లేదు. ధాతువు తన నామమును తానే రద్దుచేసికొనును. కాని లెక్కలు ఈ మాటను సమర్థింపవు. రైల్వేవారి లెక్కల ప్రకారము తీవ్రపరిణామములు గల ప్రమాదములు 2000–01లో 473 కాగా 2023–24లో 40. ప్రభుత్వపక్షము ఈ అంకెలను సమర్థనగా చూపుట కలదు. వానిని సరిగా చదివినచో అవి చెప్పునది వేరు: పట్టాలు మార్చి, కాపలా లేని గేట్లను తొలగించి, సంకేతములను మెరుగుపరచినచోట ప్రమాదములను తప్పించగలిగిరి. కావున మిగిలినవియు తప్పించదగినవే.

ఇచ్చట మన మరియొక మాటను గుర్తుచేయుట అవసరము. సంస్కృతమున ‘ప్రమాద’ శబ్దమునకు అజాగ్రత్త, ఏమరుపాటు అని అర్థము. హిందీ, బంగాళీలు ఇట్టి సందర్భమున ‘దుర్ఘటన’ అనును. కన్నడ, మరాఠీలు ‘అపఘాత’ అనును. తెలుగులో ఆపదకే ‘ప్రమాదము’ అను పేరు స్థిరపడినది. కారణమును తెలుపు మాట కార్యమునకు పేరైనది. పేరైన పిదప కారణము మరపునకు వచ్చినది. అయినను ‘అప్రమత్తుడు’ అన్నప్పుడు పాతయర్థము చెక్కుచెదరక నిలిచియున్నది. అనగా ‘రైలు ప్రమాదము’ అను మాటను దాని మూలార్థమున చదివినచో, ఎవరో ఏమరిరన్న సంగతి ఆ పేరులోనే ఉన్నది.

8. ముగింపు

పై పరిశీలనవలన తేలునవి మూడు. మొదటిది, ‘పట్టాలు తప్పింది’ అను వాక్యము వార్తకు తొలివాక్యముగా తగును గాని తుదివాక్యముగా తగదు. అది కర్తను చెప్పక దోషధ్వనిని మాత్రము మిగుల్చును. రెండవది, ఆ ఖాళీని విచారణకంటె ముందు వదంతియో, నోరులేని చిన్న ఉద్యోగిపై నిందయో నింపుచున్నది. మూడవది, ‘తప్పదు’ అను మాట ఈ రెండింటిని కప్పిపుచ్చుచున్నది. పత్రికారచనను బోధించు మన శాఖలు ఈ రూపభేదములను పాఠ్యాంశముగా చేయవచ్చును. ఒక ప్రమాదవార్తను తీసికొని, ప్రతి ‘తప్పు’ రూపమువద్దను కర్త ఎవరని విద్యార్థిచేత వ్రాయించినచో చాలును. తెలియనిచోట ‘ఇంకను తెలియదు’ అని వ్రాయుట నేర్పినచో మరియు మంచిది. ఇతరభాషల విద్వాంసులు తమ ‘చ్యుతి’, ‘ఉతర్నా’, ‘పురళు’ల విషయమున ఇట్టి విచారణ జరిపినచో తులనాత్మకమైన ఫలితములు లభించును.

భాషను సవరించినంతమాత్రమున పాయింట్లు సరియగునని నేను చెప్పుట లేదు. కాని దారిని తప్పుగా వేసినవారెవరను ప్రశ్న తప్పిపోకుండ చూచుట భాషాధ్యయనము చేయువారి పని. భువనేశ్వరమున పేరు లేక దహనమైన ఆ ఇరువదియెనిమిది మందికి మనము పేళ్ళు ఇయ్యలేము. వారు తప్పిపోయిరని మాత్రము వ్రాయకుందుము గాక.